ఎదురొచ్చిన శుక్రవారం

రైలు ఇంకా రాజమహేంద్రవరం మొహం చూడని రోజులవి. కోనసీమ నుంచి పడవెక్కి వచ్చి కాలేజీలో బి.ఏ.కి ముందుండే రెండేళ్ల ఎఫ్.ఏ. చదువుతున్న గోపాలకృష్ణమూర్తికి పేరు తప్ప పొడుగైనదేదీ లేదు. మనిషి పొట్టి, పిలక చిన్నది, ధైర్యం మరీ కురచ. అందుకే వీధిలో అందరూ గోపాలం అని తెగ్గొట్టి పిలిచేవారు.

గోపాలం వారాలు చేసుకుని చదువుకునేవాడు. అంటే వారంలో ఏడు రోజులూ ఏడు ఇళ్లలో భోజనం. ఆ ఏడు ఇళ్లూ అదృష్టవశాత్తూ ఒక్క సందులోనే ఉన్నాయి. రోజుకో విస్తరి ముందు కూచునేవాడికి మనుషుల పేర్లకంటే వారాలే బాగా గుర్తుంటాయి కదా! వాడి లెక్కలో ప్లీడరు జగన్నాథరావుగారి భార్య వరహాలక్ష్మి సోమవారం. పురోహితుడుగారు గురువారం. సందు చివరింట్లో ఒంటరిగా ఉండే మాణిక్యాంబ శుక్రవారం.

వారాలబ్బాయికి రెండు విద్యలు వచ్చి తీరాలి. పెట్టింది తినడం ఒకటి, అన్నదానికల్లా ఔనండి అనడం ఇంకొకటి. వంకాయ కూరకి అల్లం పడితేనే రుచి అని సోమవారం అంటే ఔనండి. అల్లం పెట్టి వంకాయని చంపేస్తారని మంగళవారం అంటే అదీ ఔనండే. ఈ రెండో విద్యలో గోపాలానికి పరీక్ష పెడితే మొదటి తరగతి వచ్చేది. కర్మం కాలి ఆ పరీక్ష మద్రాసు యూనివర్సిటీ వాళ్లు పెట్టరు.

వాళ్లు పెట్టే పరీక్ష వాడు కిందటేడు తప్పాడు. చదవక కాదు. లెక్కల కాయితం చేతికి రాగానే అరచేతులు చెమర్చాయి, కలం వణికింది, రెండేళ్లుగా నేర్చుకున్నదంతా గోదాట్లో కలిసింది. మూడు గంటలసేపు సిరామరకలు చూస్తూ కూచుని, లేచి వచ్చేశాడు.

ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకునే అవసరం వరహాలక్ష్మిగారు రానివ్వలేదు కూడా.

"ఆ పొద్దున్న నువ్వు సందు దాటుతుంటే మాణిక్యాంబ బిందె పట్టుకుని ఎదురొచ్చింది కదూ? నేను అరుగు మీంచి చూశాను. మొగుడు పోయిన మనిషి ఎదురొస్తే పరీక్ష ఎలా గట్టెక్కుతావురా?" అంది.

గోపాలం తలొంచుకున్నాడు. అలవాటైన మాట నోట్లోంచి జారిపోయింది. "ఔనండి."

ఎంతసేపు పట్టిందంటారు ఆ మాట సందంతా తిరగడానికి? విస్తరి ఎత్తేలోపలే తిరిగొచ్చింది. ఆ మర్నాటినుంచి మాణిక్యాంబ గోదావరికి దొడ్డిదారినే వెళ్లడం మొదలుపెట్టింది. శుక్రవారం మాత్రం మానలేదు. ఇదివరకు వాడి ఎదురుగా పీట వేసుకుని కూచుని, "సరిగ్గా కలుపుకోరా, అన్నాన్ని పలకరిస్తున్నావేంటి?" అని కసిరే మనిషి, అన్నీ వడ్డించేసి, వాడు వచ్చే వేళకి లోపలి గదిలోకి వెళ్లిపోయేది. తలుపు చాటునుంచి గొంతు ఒక్కటే వచ్చేది.

వాడికి సిగ్గేసేది. సిగ్గుతోనే తినేవాడు, తినడం మాత్రం మానలేదు. ఆకలి అలాంటిది.

ఏడాది తిరిగింది. మళ్లీ పరీక్షలొచ్చాయి. ఈసారి తప్పితే ఇక వారం పెట్టేది లేదని సోమవారం ముందే చెప్పేసింది. సోమవారం పోతే మిగతావీ పోతాయి, అది సందులో అందరికీ తెలిసిన లెక్క. ఊరికి తిరిగిపోయి కరణంగారి దగ్గర దస్త్రాలు మోసుకోవడమే వాడికి మిగిలేది. ఈ ఆలోచనతో పరీక్షలకి పది రోజుల ముందునుంచే కడుపులో కప్ప గెంతడం మొదలైంది. అన్నం సయించదు, నిద్ర పట్టదు, చదివింది చదివినట్టే మరిచిపోతాడు. బుధవారంగారు సరస్వతి ఆకు నమిలించారు. గురువారంగారు విభూతి పెట్టారు. ఆదివారంగారు, మెదడుకి మంచిదని, తల మీద ఆముదం మర్దించి వదిలారు. మొహమంతా ఆముదం కారుతుంటే యూక్లిడు రేఖాగణితం చదవడం ఎంత కష్టమో చదివినవాడికే తెలుస్తుంది.

పరీక్ష సోమవారం అనగా, ముందు శుక్రవారంనాడు మాణిక్యాంబ ఇంట్లో విస్తరి ముందు కూచుని గోపాలం రెండు ముద్దలు తిని చెయ్యి ఆపేశాడు.

"ఏంట్రా, తలుపు చాటునున్నా చెవులున్నాయి నాకు. నమలడం ఆపేశావు," అంది తలుపు చాటు గొంతు.

"సయించట్లేదు పిన్నిగారూ. పుస్తకాలన్నీ తలుచుకుంటే గుండె దడదడలాడుతోందండి."

"అన్నీ ఎందుకు తలుచుకోవడం? విస్తరి నిండా ఉందని చూసి బెదిరితే ఎవడైనా తినగలడా? పప్పు కలిపినప్పుడు పప్పు సంగతి చూడు. పులుసు సంగతి పులుసప్పుడు. కాయితం ఇచ్చాక మొదటి ప్రశ్న ఒక్కటే చదువు, మిగతావాటి మీద చెయ్యి అడ్డం పెట్టు."

కాలేజీ మేష్టర్లు ఒక్కరూ చెప్పని మాట అది. గోపాలం పప్పన్నం తిన్నాడు. పులుసూ తిన్నాడు. కిందటేటి సంగతి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. మజ్జిగతో మింగేశాడు.

సోమవారం తెల్లారింది. వాడు స్నానం చేసి, సిరాబుడ్డీ రెండు కలాలూ పట్టుకుని సందులో అడుగుపెట్టాడు.

ఈ ఏడు పిల్లవాడికి మంచి ఎదురు తానే ఇవ్వాలని వరహాలక్ష్మిగారు నిశ్చయించుకుంది. పెద్ద బొట్టు పెట్టుకుని, నిండు బిందెతో సందు మొగలో సిద్ధంగా ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కేమిటంటే, సరిగ్గా ఆ ఆలోచనే మంగళవారానికీ వచ్చింది, బుధవారానికీ వచ్చింది, ఆదివారానికీ వచ్చింది. కుర్రాడు గట్టెక్కితే అది ఎవరి బిందె చలవ అన్నది రేపు తేలాలి కదా! ఒంటి బ్రాహ్మడు ఎదురు పనికిరాడని గురువారం పురోహితుడుగారు తమ్ముణ్ణి వెంటేసుకుని, అరటిపళ్ల పళ్లెంతో బయల్దేరారు. శనివారంగారు అందర్నీ మించిపోయారు. ఆవునీ దూడనీ తోలుకొచ్చారు.

ఆ సందులో ఇద్దరు పక్కపక్కన నడిస్తే మోచేతులు గోడకి గీసుకుంటాయి. అలాంటిదాన్లోకి నాలుగు బిందెలు, ఇద్దరు బ్రాహ్మలు, ఆవు, దూడ ఒక్కసారి ఎదురొచ్చారు.

"ముందు నేను!" అంది మంగళవారం.

"ఇవాళ వారం ఎవరిదమ్మా?" అంది వరహాలక్ష్మి.

ఆవుకి ఈ తగువు అక్కర్లేదు. అది పళ్లెంలో అరటిపళ్లు చూసింది, మూతి పెట్టింది. పురోహితుడుగారు "హై! హై!" అంటూ పళ్లెం పైకెత్తారు. ఆవు బెదిరి వెనక్కి నడిచింది. బుధవారం బిందె సోమవారం బిందె మీద, అది ఆదివారం బిందె మీద, మొత్తం నాలుగూ డబడబమంటూ దొర్లాయి. నీళ్లన్నీ గోపాలం కాళ్ల మీదుగా కాలవ కట్టాయి.

నాలుగు ఖాళీ బిందెలు! పరీక్షకి పోయేవాడికి ఒక్క ఖాళీ బిందె ఎదురైతేనే తిరిగి ఇంట్లోకి పొమ్మంటారు.

గోపాలం కడుపులో కప్ప మళ్లీ గెంతింది.

"అయ్యో, ఈ ఏడూ తప్పిపోయింది!" అని ఆదివారం బుగ్గలు నొక్కుకుంది.

వరహాలక్ష్మి తడిసిన చీర పిండుకుంటూ సందు చివర మూసి ఉన్న తలుపుకేసి చూసింది. "ఊరికే అవుతుందా ఇదంతా? ఆవిడ కిటికీ సందులోంచి చూసుంటుంది. ఔనా, గోపాలం?"

అందరూ వాడికేసి తిరిగారు. ఏడు వారాల్లో ఆరు వారాల అన్నం వాడి ఎదురుగా నిలబడి ఉంది. ఔనండి అన్న మాట అలవాటుగా పెదవుల మీదికి వచ్చేసింది. తలుపు వేసుకుని, కిటికీ కూడా మూసుకుని కూచున్న మనిషి వాడికి కళ్లముందు మెదిలింది.

"కాదండి," అన్నాడు.

ఆ మాట వాడి నోట సందు ఎప్పుడూ వినలేదు. దూడ కూడా తల తిప్పి చూసింది.

"కిందటేడు కూడా కాదండి. కాయితం చూడగానే నాకే చేతులు వణికాయండి. భయపడి తప్పాను. అత్తయ్యగారూ, మీరు ఎదురువల్లే అంటే, తప్పించుకోవడం తేలికని నేను ఔనండి అన్నాను. అది అబద్ధమండి."

అనేశాక చూసుకుంటే కప్ప లేదు. ఎటు పోయిందో! పైగా నాలుగు బిందెలు, కిందపడ్డ అరటిపళ్లు నములుతున్న ఆవు, తడిసి ముద్దయిన పురోహితుడుగారు కనిపించేసరికి వాడికి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుంటూనే వాళ్ల మధ్యలోంచి దారి చేసుకుని, సందు చివరికి వెళ్లి తలుపు తట్టాడు.

"పిన్నిగారూ, ఒకసారి వీధిలోకి రండి."

"బుద్ధుందా నీకు? పరీక్ష వేళ నా మొహం చూస్తానంటావేంటి, పో!"

"మీరు వస్తేగానీ కదలనండి. గంట కొట్టేస్తారు."

గడియ తీసిన చప్పుడైంది. తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని మాణిక్యాంబ గుమ్మంలోకి వచ్చింది. ఏడాది తరవాత ఆ మొహం చూశాడు వాడు. కళ్లకింద కాస్త ముడతలు పెరిగాయి.

"తప్పితే తప్పావు. శుక్రవారం నీదే," అంది ఆవిడ, సందంతా వినేలా. "ఇక పరిగెత్తు."

వాడు పరిగెత్తాడు.

పాసయ్యాడా లేదా అని మిమ్మల్ని కూడా పది రోజులు కంగారు పెట్టడం నాకిష్టం లేదు. మూడో తరగతిలో పాసయ్యాడు. మొదటి ప్రశ్న తప్ప మిగతావన్నీ అరచేత్తో మూసుకుని, ఒకదాని తరవాత ఒకటి రాసుకుంటూ పోయాడు. పరీక్ష అయ్యాక ఆ మధ్యాహ్నం వరహాలక్ష్మిగారింటికి బితుకుబితుకుమంటూనే వెళ్లాడు. ఆవిడ మాట్లాడకుండా వడ్డించింది, నెయ్యి వెయ్యలేదు. పై సోమవారానికి నెయ్యీ మాటలూ రెండూ తిరిగొచ్చాయి. మనిషి చెడ్డది కాదు, నోరే తొందర.

నేను చెప్పాలనుకున్నది ఆ వారం శుక్రవారం సంగతి. మాణిక్యాంబ గదిలోకి వెళ్లలేదు. ఎదురుగా పీట వేసుకుని కూచుంది. గోపాలం అన్నం ముట్టుకోకుండా చేతులు జోడించాడు.

"నావల్ల ఏడాదిపాటు మాట పడ్డారు, పిన్నిగారూ. క్షమించండి."

"నువ్వు ఔనండి అన్న రోజే నాకు తెలుసురా. వణికింది నీ చెయ్యేనని కూడా తెలుసు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారండి?"

"నువ్వు కాదంటే ఆవిడ సోమవారం మానేసేది. ఎదిగే పిల్లాడు పస్తులుండటం కంటే, నలుగురు నన్నో మాట అనుకుంటే నా సొమ్మేం పోయింది?" అని మాణిక్యాంబ గరిటెడు పప్పు వేసింది. "ఏడవకురా, ఉప్పెక్కువవుతుంది."