మైనస్ మెట్లు

మూడో అంతస్తు మలుపులో ఉన్న ఎర్ర ప్లాస్టిక్ స్టూలు రోజూలాగే అతని మోకాలికి తగిలింది. "దీని తస్సాదియ్యా!" అని తిట్టాడే గానీ దాన్ని తియ్యలేదు. తియ్యడానికి లేదు. వానాకాలంలో ఆసుపత్రి నుంచి తీసుకొచ్చినప్పుడు అక్క దాని మీద కూర్చుని చాలాసేపు రొప్పింది. కాస్త తేరుకున్నాక, "అక్కడే ఉండనీరా, దిగేటప్పుడు కావాలి" అంది. ఆ తర్వాత ఆమె దిగింది లేదు. నాలుగో అంతస్తులో ఆమె, మూడో అంతస్తులో స్టూలు.

మెట్లు దిగుతూనే ఫోనులో కొట్టాడు: «రెండు గదులు -మెట్లు». ఇలా చూసుకోకుండా దిగితే ఏదో ఒకనాడు మెడ విరుగుతుందని అతనికీ తెలుసు. కానీ ఆగడం చేతకాదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. టీ చల్లారేదాకా ఉండలేక నాలుక కాల్చుకుంటాడు. యాభైకి దగ్గరపడ్డా కాలు నిలవదు.

అద్దె ఇళ్లు చూపించే ఆ వెబ్‌సైటులో వెతుకుడు పెట్టె అతను కట్టిందే. జనం అందులో రాసిన మాటల్ని ముక్కలు చేసి, ఏది కావాలో ఏది వద్దో తేల్చే ప్రోగ్రాము అది. 'లేదా' అని రాస్తే రెండిట్లో ఏదున్నా చాలు. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాటలు విడదియ్యకూడదు. మాట ముందు మైనస్ గుర్తు పెడితే ఆ మాట ఉన్న ప్రకటనలన్నీ తీసి అవతల పారెయ్యాలి. ఆ మైనస్ అంటే అతనికి ముద్దు. ఆఫీసులో అతన్ని పిలిచేదే మైనస్ మాస్టారని. కాలేజీ గడప తొక్కినవాడు కాదు. అక్క లాండ్రీలో పొద్దస్తమానం నిలబడి ఇస్త్రీపెట్టె తోస్తే, ఆ కూలితో కొన్న పాత కంప్యూటరు ముందు కూర్చుని సొంతంగా నేర్చుకున్నాడు. ఆ నిలబడటంలోనే ఆమె మోకాళ్లు పోయాయి. గుండె ఎప్పుడు పాడైందో ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నవాడికి ముడతలు కనబడతాయి గానీ మనుషులు కనబడతారా?

ఆ పొద్దునా బయల్దేరబోతుంటే అక్క అందుకుంది.

"ఒరేయ్, నీ పెట్టెను నమ్ముకుని ఎన్నాళ్లు కూర్చుంటాం? వీధిలో నలుగుర్ని అడగరాదూ?"

"ఆ నలుగురికి తెలియంది దానికి తెలుసక్కా."

"తెలిస్తే చెప్పదేం? బెల్లం కొట్టిన రాయిలా కూర్చుందే!"

"చెప్తుంది. ఓపిక పట్టు."

"ఓపిక గురించి నువ్వు చెప్పాలి మరి!" నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక కిటికీలోంచి కిందికి చూస్తూ అంది: "నేల మీద నాలుగడుగులు వెయ్యాలనుందిరా. బంగళా అడగట్లేదుగా."

అప్పటిదాకా పెట్టె చూపించిన ప్రతి ఇంటికీ వెళ్లాడు. ప్రతి ఇంటికీ మెట్లే. కొన్నిటికి గోడకు అతికించిన నిచ్చెనల్లాంటి మెట్లు. యజమానులందరూ దొంగలని తేల్చుకున్నాడు. తన మైనస్ మీద మాత్రం అనుమానం రాలేదు. మెట్లు కట్టేవాడు ఎక్కడు, ఎక్కేవాడు కట్టడు అని లోకాన్ని తిట్టుకుంటూ తిరిగాడు.

ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు తీసే అమ్మాయి అతన్ని చూడగానే హెడ్‌ఫోన్ చెవి మీంచి జరిపింది.

"మాస్టారూ, నిన్నటి ఇంటాయన మళ్లీ చేశాడు. ఆయన ఇల్లు ఎవరికీ కనబడట్లేదంట."

"ఫొటోలు చండాలంగా పెట్టుంటాడు. నేనేం చెయ్యను?"

"ఫొటోల గొడవ కాదండీ. 'ముసలివాళ్లకని ఇల్లు పెడితే ఒక్క ముసలివాళ్లూ ఫోను చెయ్యరేం, ఊళ్లో అందరూ కుర్రాళ్లయిపోయారా?' అంటున్నాడు. చదువుతా వినండి. 'రెండు గదులు. వీధిలోంచి నేరుగా లోపలికి నడిచి రావచ్చు. ఎక్కడా మెట్లు లేవు.'"

అతని కాలు ఊగడం ఆగింది.

తన సీటు దాకా వెళ్లకుండా, అక్కడే ఆ అమ్మాయి మీదుగా వంగి కొట్టాడు: «రెండు గదులు -మెట్లు». ఆ ఇల్లు లేదు. మైనస్ తీసేసి కొట్టాడు. మొదటిదే అది. దాని కింద ఇంకొకటి: 'మెట్లు ఎక్కే బాధ లేదు.' ఆ కింద ఇంకొకటి: 'మెట్లు లేని ఇల్లు, పెద్దవాళ్లకు హాయి.'

మెట్లున్న యజమాని తన ఇంటికి మెట్లున్నాయని రాస్తాడా? తన పెరుగు పుల్లనని ఎవడంటాడు? మెట్లు లేనివాడే లేవని గొప్పగా రాసుకుంటాడు. మైనస్‌కు ఆ వెనకాల ఉన్న 'లేవు'తో పనిలేదు. 'మెట్లు' కనబడిందా, పారెయ్. రాళ్లేరమంటే బియ్యం పారబోసి రాళ్లు చేతికిచ్చింది. ఇన్నాళ్లూ ఆ రాళ్లే వండుకు తిందామని తిరిగాడు.

"ఇదెప్పుడు పెట్టాడు?"

"వానలకు ముందే పెట్టాడండీ. ఏం మాస్టారూ, అలా అయిపోయారేం?"

అతను అప్పటికే తలుపు దాటాడు.

ఇంటాయన లారీలు బాగుచేసి చేసి నడుం వంగినవాడు. తలుపు తీసిపెట్టి పక్కకు నిలబడ్డాడు. వీధి ఎక్కడ ఆగిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియకుండా సిమెంటు నేల లోపలికి పోయింది. అతను లోపలికి నడిచాడు, బయటికొచ్చాడు, మళ్లీ లోపలికెళ్లాడు.

"ఏందండీ, పిల్లి కూనల్ని మార్చినట్టు? ఇల్లు నచ్చిందా, నడక నచ్చిందా?"

"రెండూనండీ." అక్కడి నుంచే అక్కకు ఫోను చేశాడు. "దొరికిందక్కా!"

"మెట్లు?"

"లేవు."

"గడప?"

"అదీ లేదు."

"గడప లేని ఇల్లేం ఇల్లురా!" అంది అక్క. ఈసారి దగ్గు రాకుండా నవ్వింది. "తొందరగా రా మరి. ఆగడం నాకూ చేతకావట్లేదు."

ఇంటాయన తాళంచెవి చేతిలో పెట్టాడు. ఇంటికే పోవాల్సింది. బస్సు ఎక్కాక మనసాగలేదు. తనలాగే మైనస్ పెట్టుకుని, మెట్ల ఇళ్ల చుట్టూ తిరుగుతున్నవాళ్లు ఎంతమందో! ఏ అంతస్తులో ఎవరు కిటికీలోంచి నేలకేసి చూస్తున్నారో! ఆఫీసు దగ్గర దిగిపోయి మేనేజరు ముందుకెళ్లి నిలబడ్డాడు.

"మైనస్ తప్పు చేస్తోంది సార్. మార్చాలి."

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"ఇంటాయన ఒకడు చేశాడు సార్. ఇల్లు దొరకనివాడు ఏమని చేస్తాడు? లేదు కాబోలనుకుని పోతాడు."

"నువ్వు రాసిందేగా? ఇన్నాళ్లూ బాగానే ఉందన్నావుగా? వచ్చే నెల చూద్దాంలే."

వచ్చే నెలట! మెట్ల మీద ఇరుక్కున్నవాడికి ఈయన నెల రాసిస్తాడు! అతను తన సీటుకెళ్లి ప్రోగ్రాము తెరిచాడు. మైనస్ వల్ల పోయిన ప్రకటనల్ని పూర్తిగా దాచకుండా, ఫలితాల కింద విడిగా పెట్టించాడు. పైన ఒక మాట రాశాడు: 'మీరు వద్దన్న మాట ఉన్నందుకు ఇవి తీసేశాం. ఒకసారి చూడండి.' పని చేస్తోందని చూసుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. లేచేసరికి ఎండ గోడల పైకి ఎక్కిపోయింది.

మెట్లు రెండేసి ఎక్కాడు. మూడో అంతస్తులో స్టూలు ఈసారి తగల్లేదు. ముందే చూసి పక్కకు తప్పుకున్నాడు. వంగి దాని మీద అరచేత్తో తట్టాడు. "రేపొక్కరోజేరా నీకు పని" అన్నాడు.

నాలుగో అంతస్తులో తలుపు తీసే ఉంది. మెడలో కొలత టేపు తియ్యకుండానే పక్కింటి టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇప్పుడే తమ్ముడూ... మంచినీళ్లిస్తే తాగింది. చెప్పులేసుకుని, దిగుతాను పట్టుకో అంటే నేనే ఆపాను. తమ్ముడు వస్తాడుగా అక్కా అన్నాను."

అక్క తలుపుకు ఎదురుగా కుర్చీలో ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది, మడత నలగలేదు. కాళ్లకు చెప్పులున్నాయి. అతను కింద కూర్చుని ఆమె పాదాలు చేతుల్లోకి తీసుకున్నాడు. జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటున్నా కదల్లేదు. కాలు నిలవని మనిషి పొద్దున్నదాకా అలాగే కూర్చున్నాడు.

మర్నాడు ఆమెను నలుగురు దించారు. మూడో అంతస్తు మలుపులో ముందున్నవాడి కాలికి ఏదో తగిలింది.

"ఎవరిదయ్యా ఇది, దారిలో? తీసెయ్యండి!"

"ఉండనీండి" అన్నాడు అతను.

వాళ్లు పక్కకు ఒదిగి దిగిపోయారు. మలుపులో ఎర్ర స్టూలు ఉంది, వానాకాలం నుంచి పట్టిన దుమ్ముతో, ఆ దుమ్ములో ఒక అరచేతి గుర్తుతో.