ఎవరి ఐదు?

గడియారం ముల్లు తిప్పితే పొద్దు తిరుగుతుందా? మా సాన్ ఇసిద్రో ఊళ్ళో ఈ మాట అడగని ముసలివాళ్ళు లేరు. ఏప్రిల్ వచ్చిందంటే రాజధానిలో కూర్చున్న పెద్దలు గంట ముందుకు తిప్పేవారు, అక్టోబరు చివర మళ్ళీ వెనక్కి. కరెంటు ఆదా అవుతుందట. నా పొయ్యి కట్టెలది, నాకేం ఆదా? రొట్టెలు చేసుకుని బతికేదాన్ని. పిండి పొంగాల్సినప్పుడు పొంగుతుంది గానీ రేడియోలో చెప్పారని తొందరపడదు కదా. ఇప్పుడంటే ఆ తిప్పుడు మానేశారు, పీడా వదిలింది. నేను చెప్పేది అప్పటి సంగతి.

అప్పుడు మా ఊళ్ళో రెండు టైములుండేవి. చర్చి గంట, పొలం పనులు, పెళ్ళిళ్ళు, చావులు దేవుడి టైములో నడిచేవి. బడి, ఆస్పత్రి, టౌను బస్సు మాత్రం గవర్నమెంటు టైము. వాళ్ళకి ఐదంటే మాకింకా నాలుగే. ఎవరైనా "రేపు మూడింటికి రా" అంటే "ఎవరి మూడు?" అని వేలెడంత లేని పిల్లలు కూడా అడిగేవారు. అడగనివాడి బుద్ధి గడ్డి తిన్నట్టే. మా ఇద్దరి బుద్ధీ ఒక్క రోజే గడ్డి తింది.

రెండోవాడు ఫిదెన్సియో, ఆ టౌను బస్సు డ్రైవరు. పెళ్ళాం పోయి ఏళ్ళయింది. మా ఆయన పోయి కూడా ఏళ్ళయింది. సంతరోజు నా రొట్టెల బుట్టలు తనే ఎత్తి బస్సులో పెట్టేవాడు. "జాగ్రత్త, దోన్యా చోలే" అనేవాడు. చోలే నా పేరు, దోన్యా అంటే మర్యాద. అంతకుమించి నోరు విప్పితే ఒట్టు. అలాంటివాడు ఆ ఏప్రిల్లో ఒకనాడు ఖాళీ బుట్ట చేతికిస్తూ, నా మొహం చూడకుండా అద్దంలోకి చూస్తూ, "ఆదివారం ఐదింటికి మీ ఇంటికొద్దామని" అన్నాడు.

మగవాడు వితంతువు ఇంటికి ఊరికే వస్తాడా! యాభై దాటినదాన్ని, చెవులు వేడెక్కిపోయాయి. "రండి" అన్నాను. ఎవరి ఐదని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు.

మా దగ్గర వితంతువుని పెళ్ళికి అడగడానికి పెద్దలు రారు. మగవాడొక్కడే చేతిలో చాక్లెట్ పొట్లం, చంకలో టర్కీ కోడి పెట్టుకుని వస్తాడు. తలుపు తెరిచి ఉంటే ఇష్టమన్నట్టు. మూసి ఉంటే వద్దన్నట్టు. మూసిన తలుపు చూసినవాడు మళ్ళీ ఆ గడప తొక్కకూడదు, మధ్యవర్తిని పంపకూడదు. కాదన్న ఆడదాన్ని సతాయించకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. మంచిదే. నా మీదకే వస్తుందని ఎవరనుకున్నారు?

ఆదివారం ఎదురింటి రుఫీనా వచ్చి నాకు జడలు వేసింది. దాని కూతురికి నేను జ్ఞానస్నానపు తల్లిని, అంచేత మేమిద్దరం ఒకరికొకరం కొమాద్రెలం. అంటే ఏ మాటైనా అనుకోవచ్చు.

"నాకైతే గవర్నమెంటు టైమే బాగుంది కొమాద్రె" అంది. "పనయ్యాక కూడా గంట వెలుగుంటుంది. వాకిట్లో కూర్చుని నలుగురినీ చూడొచ్చు."

"నలుగురి గుట్టూ చూడొచ్చు అను."

"చూసేందుకు నీ గుట్టొకటి దొరికిందిగా ఇవాళ! ఇంతకీ ఏ ఐదు?"

"ఆయనది గవర్నమెంటు బస్సు టైము కాదూ? ఆయన ఐదంటే మన నాలుగు" అన్నాను, పెద్ద తెలివైనదానిలా.

మన నాలుగుకి తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాను. గుడ్డు సొన వేసిన రొట్టెలు కాల్చాను. పాలు కాచాను. కుక్క వచ్చింది, దాని వెనక పక్కింటి కోళ్ళు వచ్చాయి. ఆయన మాత్రం రాలేదు. పాలు మీగడ కట్టాయి. నేను కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. అంతలో జపమాల ప్రార్థనకి చర్చి గంట ఐదు కొట్టింది. మొదటిరోజే గంట ఆలస్యం చేసే మగాడు రేపు నన్నేం ఉద్ధరిస్తాడు! ఒళ్ళు మండి, శాలువా కప్పుకుని, తలుపుకి తాళం బిగించి చర్చికి పోయాను. నోటితో మరియమ్మ తల్లిని తలుచుకుంటూ మనసులో ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి రుఫీనా నడుం మీద చేతులు పెట్టుకుని నా గుమ్మం ముందుంది.

"కొంప ముంచావే తల్లీ! నువ్వటు పోయావో లేదో ఇటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఇంత లావు టర్కీ. నీ తాళం వంక ఎంతసేపు చూశాడనుకున్నావ్!"

"నువ్వు పిలవకపోయావా?"

"నెత్తీ నోరూ మొత్తుకున్నా. వింటేనా! 'వస్తానని చెప్పిన వేళకే తాళం వేసుకుపోయిందంటే నాకర్థం కాదా దోన్యా రుఫీనా, మూసిన తలుపు దగ్గర వేరేవాళ్ళు మాట్లాడకూడదు' అని టోపీ తీసి దండం పెట్టి పోయాడు. ఆ టర్కీ ఏమో దారంతా అరుస్తూనే ఉంది పాపం."

అప్పుడు వెలిగింది నాకు. నేను ఆయన టైముకి మారాను, ఆయన నా టైముకి మారాడు. ఒకరి కోసం ఒకరం మారి ఇద్దరం చెడ్డాం. మళ్ళీ రాడు. కట్టుబాటు తప్పే మనిషైతే నాకంత నచ్చేవాడే కాదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సిగ్గెందుకు? ఆ మనిషి నాకు కావాలి.

మర్నాడు పొద్దున్నే బుట్టల్లేకుండా బస్సెక్కాను. ఆయన మొహం వాడిపోయి ఉంది.

"బుట్టలేవి, దోన్యా చోలే?"

"ఇవాళ బుట్టల్లేవు. మాటలున్నాయి."

ఆయన గేరు వేసి బస్సు కదిపాడు. వంతెన దాటేదాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత నావల్ల కాలేదు.

"నిన్న ఎందుకు రాలేదు?" అని అందరిముందే అడిగేశాను.

"వచ్చాను. ఐదింటికి."

"ఎవరి ఐదు?"

"మీదే! మీ చర్చి గంట కొట్టాకే మీ సందులోకి తిరిగాను."

"నేను మీ ఐదుకి కూర్చున్నానయ్యా మహానుభావా! గంటసేపు, తలుపులు బార్లా తెరిచి!"

బస్సంతా గొల్లుమంది. వెనక సీట్లో ఎవరో "టర్కీ ఏమైంది?" అని అరిచారు. డ్రైవరు సీటు వెనక గోనెసంచి లోంచి టర్కీయే అరిచి జవాబు చెప్పింది. టౌనులో తిరిగిచ్చేద్దామని తీసుకెళ్తున్నాడట. ఇక బస్సులో సభ మొదలైంది. ఈ గంట తిప్పుడు ఎవర్ని ఉద్ధరించడానికి, పిల్లలు చీకట్లో బడికి పోతున్నారని ఒకావిడ. సాయంత్రం వెలుగుంటే నీకేం నొప్పని ఇంకొకావిడ. ఆవుకి గడియారం చదవడం ఎవరు నేర్పుతారని మరొకాయన.

"అయిందేదో అయింది, ఇవాళ సాయంత్రం మళ్ళీ వెళ్ళవయ్యా" అన్నారెవరో.

"వెళ్ళకూడదు" అన్నాడు దోన్ నాబోర్. ఊళ్ళో కట్టుబాట్లన్నీ తెలిసిన పెద్దాయన, ఆయన మాటకి తిరుగులేదు. "మూసిన తలుపు మూసిన తలుపే. పొరపాటని ఇవాళ ఒకణ్ణి వదిలేస్తే రేపు ప్రతివాడూ పొరపాటే అంటాడు. ఆడవాళ్ళ గతేం కాను?"

ఆ మాట నిజం. ఏడవలేక నేనూ తలూపాను.

"పెద్దాయన చెప్పింది న్యాయం" అన్నాడు ఫిదెన్సియో. "దోన్యా చోలే గడప నేను తొక్కను."

అని బస్సుని కొండ అంచున ఆపేశాడు. గోనెసంచి విప్పి టర్కీని చంకన పెట్టుకున్నాడు. అద్దం కింద దాచిన చాక్లెట్ పొట్లం తీసుకున్నాడు. తన పక్క తలుపులోంచి దిగి, బస్సు ముందునుంచి తిరిగి, మేమెక్కే తలుపు దగ్గరికొచ్చాడు. అది మూసే ఉంది. టోపీ తీసి అద్దం మీద తట్టాడు.

అందరూ దోన్ నాబోర్ వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కున్నాడు, కిటికీలోంచి చూశాడు, మళ్ళీ గోక్కున్నాడు.

"బస్సు తలుపు గురించి పెద్దలేమీ చెప్పలేదు" అన్నాడు చివరికి.

"తియ్యవే తల్లీ, టర్కీ బరువు!" అని ఆడవాళ్ళ గోల. నేను డ్రైవరు సీటు దగ్గరికి పరిగెత్తి తలుపు తెరిచే చువ్వ పట్టుకుని లాగాను. రాలేదు. "కిందికి కాదు, పైకి, పైకి!" అని అందరూ ఒకటే అరుపులు. ఆయన బయట ఎండలో నిలబడి చూస్తున్నాడు, కళ్ళు ఆర్పకుండా. రెండు చేతులా పైకి లాగాను. కీచుమని చప్పుడు చేస్తూ తలుపు తెరుచుకుంది.

"రండి" అన్నాను. "ఎంతసేపు నిలబడతారు?"