గొరిల్లా పిల్ల చేతికి పడ్డ బ్రేకు వైరు

నేను ఒక సైకిలు బ్రేకు వైరుని. రువాండా కొండల్లో బంగాళదుంపల బస్తాలు మోసే సైకిలుకి ఉండేదాన్ని. అది తుక్కయ్యాక కరేరా అనే వేటగాడు నన్ను పీకి, ఉచ్చుగా ముడేసి, అడవిలో వంచిన వెదురుకి కట్టాడు.

"చిన్న జింక పడినా చాలు, పిల్లలు మాంసం మొహం చూసి ఎన్నాళ్లయిందో" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

గొరిల్లాల జోలికి పోయే మనిషి కాదు. కానీ జింకేదో గొరిల్లా ఏదో నాకేం తెలుసు? ఆకులు పీకుతూ ఓ గొరిల్లా పిల్ల నాలో చెయ్యి పెట్టింది. బిగుసుకున్నాను. తల్లి లాగినకొద్దీ ఇంకా బిగుసుకున్నాను. వెదురు విరిగింది, నేను మాత్రం ఆ మణికట్టుకే ఉండిపోయాను. చెయ్యి వాచింది. నాకేమీ అనిపించలేదు.

గొరిల్లాల జాడ చూసే మునేజా, పశువుల డాక్టరు ఉవేరా ఇంకొందరు మనుషులతో వచ్చారు.

"ఇవాళ తియ్యకపోతే చెయ్యి పోతుంది మునేజా. తల్లిని పట్టుకోవడం పిల్లవల్ల కాదిక."

"పెద్దాయన ఊరుకోవాలిగా డాక్టరమ్మా! మీ మత్తు తుపాకీ చూశాడంటే ముందు నన్ను మడతపెడతాడు."

"ఆయన నా బావమరిదేనని కోతలు కోస్తావుగా?"

"అవన్నీ అడవి బయట లెండి!"

పెద్దాయనంటే వీపు వెండిలా మెరిసే మగ గొరిల్లా, ఆ గుంపుకి పెద్ద. గుంపు దగ్గరికి వెళ్లేముందు మనిషి గొంతులోంచి "మ్మ్... హ్మ్" అని పలకాలి, మనవాళ్లమే అని చెప్పడానికి. మత్తుసూది వేసే రోజు మాత్రం పలకకూడదు. అది జాడ చూసేవాళ్ల కట్టుబాటు. పెద్దాయన తలెత్తగానే, ఏళ్ల అలవాటుకొద్దీ, మునేజా పలికేశాడు. పెద్దాయన "మ్మ్" అని అటు తిరిగి ఆకులు నమలసాగాడు.

అప్పుడే తల్లికి సూది దిగింది. ఆ వెంటనే పిల్లకి. మిగతా మనుషులు వరసగా అడ్డు నిలబడి, అరుస్తున్న పెద్దాయన్ని ఆపారు. డాక్టరమ్మ నన్ను కత్తిరించింది. చల్లబడ్డ పిల్ల వేళ్లు మళ్లీ వెచ్చబడ్డాయి.

"చెయ్యి దక్కింది! ఏమయ్యా, ఆ మొహమేంటి?"

"పలికాను డాక్టరమ్మా. నమ్మి అటు తిరిగాడు."

ఉచ్చు వేసినవాడూ పిల్లల కోసమే వేశాడు, తీసినవాళ్లూ పిల్ల కోసమే తీశారు. మనుషుల లెక్కలు నాకు అందవు.

మునేజా నన్ను తన సంచిలో వేసుకున్నాడు; మర్నాడూ అందులోనే ఉన్నాను. గుంపుకి దూరంగా కూర్చుని అతను మెల్లగా పలికాడు. పెద్దాయన లేచి, పిల్లల్ని ముందు నడిపించి, వెదుళ్లలోకి వెళ్లిపోయాడు. మునేజా మళ్లీ పలికాడు. ఆకుల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఇప్పుడు నేను అటవీ ఆఫీసు వెనక, తీసేసిన ఉచ్చుల కుప్పలో తుప్పు పడుతున్నాను. సాయంత్రాలు మునేజా నా పక్కనే కూర్చుని బూట్ల బురద గీకుతుంటాడు.

"పెద్దాయన ఇవాళైనా పలికాడా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"పిల్ల రెండు చేతులా చెట్టెక్కుతోంది" అంటాడు మునేజా, తలెత్తకుండా.