ఒల్లనన్న పిల్ల

మలాయాలో బీడోర్ దగ్గరి ఆ రబ్బరు తోటలో మరిడమ్మ బెత్తం రుచి చూడని పిల్ల లేదు. చీకటితోనే తల్లులు చెట్లకు పాలు తీయడానికి పోతూ పిల్లల్ని ఆమె కొట్టంలో దించేసి పోయేవారు. నలభై మందికి ఒక్క ఆయా. గంజి తాగనివాడికి ఒకటి, పక్కవాణ్ణి కొరికినవాడికి రెండు. కొట్టకుండా పిల్లలెలా పెరుగుతారో ఆమెకు తెలీదు, ఆమెను పెంచినవాళ్ళకూ తెలీదు. అలాగని రాతిగుండె మనిషేం కాదు. యుద్ధంలో మొగుణ్ణి జపాన్‌వాళ్ళు సయాం రైలుపనికి పట్టుకుపోయారు, తిరిగి రాలేదు. కడుపున పుట్టిన ఇద్దరూ ఆ రోజుల్లోనే జ్వరాలకు పోయారు. పగలంతా ఊరి పిల్లల ముక్కులు తుడిచి, పొద్దుగూకాక తన గదిలో ఒక్కతే కూర్చుని తినే మనిషికి కోపం కాస్త ఎక్కువే ఉంటుంది మరి.

కమ్యూనిస్టులు అడవి పట్టారని తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన మూడో ఏట సైన్యం కొండల్లోంచి సెమాయ్ అనే అడవిజనాన్ని లారీల్లో దించింది. అడవిలో ఉంటే కమ్యూనిస్టులకు తిండి పెడతారని దొరల భయం. తోట చివర ముళ్ళకంచె కట్టి, రేకుల పాకలు వేసి, అందులో తోశారు. చెట్ల నీడన బతికిన ప్రాణాలు ఆ రేకుల కింద నిలవలేదు. విరేచనాలతో పోయినవాళ్ళు కొందరు, మలేరియాతో కొందరు, ఏ జబ్బూ లేకుండా ఊరికే బెంగతో పోయినవాళ్ళు ఇంకొందరు. మిగిలినవాళ్ళను ఒకనాడు మళ్ళీ లారీలెక్కించి ఎటో తోలుకుపోయారు. ఆ గందరగోళంలో తోట ఆస్పత్రి మంచం మీద మూడేళ్ళ ఆడపిల్ల ఒకతె మిగిలిపోయింది. తల్లి అప్పటికే పోయింది. డ్రెస్సరు కాంతయ్య ఆ పిల్లను తెచ్చి మరిడమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె చిన్నతల్లి అని పేరు పెట్టుకుంది.

వచ్చిన వారానికి చిన్నతల్లి గంజి ఒల్లనంది. మరిడమ్మ అందరికీ ఇచ్చినట్టే కాళ్ళ మీద ఒకటిచ్చింది. పిల్ల ఏడవలేదు. బెత్తాన్ని చూసింది, ఆ చేతిని చూసింది, తర్వాత మరిడమ్మ మొహాన్ని చాలాసేపు చూసింది. పెద్దవాళ్ళు కొడతారన్న సంగతే ఆ పిల్లకు అంతవరకు తెలీదు. గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు, ఒళ్ళు కాలిపోయింది.

కాంతయ్య కంగారుపడి, పేము తీగలు అమ్ముకోవడానికొచ్చిన ఒక సెమాయ్ మనిషిని పిలుచుకొచ్చాడు. అతను పిల్లను చూసి, మరిడమ్మను చూసి, మెల్లగా మలాయ్‌లో చెప్పాడు. వాళ్ళలో పిల్లల మీద ఎవరూ చెయ్యెత్తరట. పిల్ల 'బోడ్', అనగా మన 'ఒల్లను', అందంటే ఇక ఆ మాట అక్కడితో సరి. తల్లయినా తండ్రయినా బలవంతపెట్టరు. పిల్ల మనసును తొక్కితే దాని ప్రాణం చిక్కిపోతుందని వాళ్ళ నమ్మకం. బాగానే ఉంది, అలాగైతే గంజి కుండంతా నేనే తాగాలి అని మరిడమ్మ ఎగతాళి చేసింది. చేసిందే గాని, ఆ సాయంత్రం ముద్ద పిల్ల పక్కన పెట్టి, దూరంగా పోయి కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో! చివరికి పిల్ల లేచి తనంతట తానే తింది. మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళలో ఆ పిల్ల మీద ఒక్క దెబ్బ పడలేదు. చిన్నతల్లి తెలుగు నేర్చింది, అరవం, మలాయ్ నేర్చింది, మరిడమ్మను అమ్మా అంది. తన భాషంతా మర్చిపోయింది, ఒక్క 'బోడ్' తప్ప. ఆ ఒక్క మాటకే ఈ ఇంట్లో విలువ ఉంది కాబట్టి అది మిగిలింది.

యాభైనాలుగులో కొండవాళ్ళను మళ్ళీ కొండలకు పోనిచ్చారు. ఆ ఏడే ఒక ముసలాయన తోట గేటు దగ్గర నిలబడి, మనవరాలు వా బుంగ కోసం, మూడేళ్ళ కిందట ఈ ఆస్పత్రిలో మిగిలిపోయిన పిల్ల కోసం, అడుగుతున్నాడని కాంతయ్య కబురు తెచ్చాడు. పేరు బా అలాంగ్ అట. కంచె కంచెకూ తిరిగి వెతుక్కుంటూ వచ్చాడట. మరిడమ్మ పిల్లను లోపలికి లాక్కుంది. అయినా ఆ జనం పద్ధతి ఆమెకు తెలుసు. పిల్ల ఒల్లనంటే ఆయన చెయ్యి పట్టి లాగడు.

అందుకని ఆయన కొట్టం దాకా రాకముందే పిల్లకు తల దువ్వుతూ చెప్పింది. "ఆ ముసలోడు నిన్ను తీసుకుపోయి మళ్ళీ ముళ్ళకంచెలో ఎట్టేస్తాడే. మీ అమ్మ సచ్చిపోనాది అందులోనే." పిల్ల ఒళ్ళు బిగుసుకోవడం దువ్వెన పట్టిన చేతికి తెలిసింది. తెలిసినా ఆపలేదు.

ముసలాయన వచ్చి, పిల్ల ఎదుట గొంతుక్కూర్చుని, వస్తావా అని మలాయ్‌లో అడిగాడు. చిన్నతల్లి మరిడమ్మ చీర వెనక దూరి "బోడ్" అంది. ఆయన తలూపాడు. మళ్ళీ అడగలేదు. మూడు రోజులు కొట్టం బయట వెదురు చీల్చుకుంటూ, ఊరి పిల్లలకు ఊదే గొట్టాలు చేసిస్తూ కూర్చున్నాడు. మనవరాలు దూరం నుంచి చూసేది, దగ్గరకు పోయేది కాదు. మరిడమ్మ గెలిచింది. గెలిచిన మనిషికి ఆ మూడు రోజులూ ముద్ద దిగలేదు.

నాలుగో ఉదయం ఆయన మూట భుజానికెత్తుకుని సెలవు చెప్పడానికొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి గాని గొంతు మామూలుగానే ఉంది.

"ఒల్లను అనడానికి నా మనవరాలు భయపడలేదు" అన్నాడు. "నువ్వు బాగా పెంచావు. మావాళ్ళు పెంచినట్టే పెంచావు."

తిట్టి ఉంటే మరిడమ్మ నాలుగు ఎక్కువే తిట్టేది. బెత్తం ముట్టుకోకుండానే పిల్లను కొట్టానని ఈ మాటతో తెలిసింది. చిన్నతల్లిని పిలిచి, ముందు కూర్చోబెట్టుకుంది.

"నాను నీకు అబద్దం సెప్పినాను తల్లీ. కంచె నేదు, ఏటీ నేదు. మీ తాత నిన్ను కంచెలో ఎట్టడు. నువ్వు ఎల్లిపోతావని బయమేసి అలగ సెప్పినాను. ఇప్పుడు సెప్పు, నీకేటి కావాల?"

పిల్ల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది, మొదటి దెబ్బనాడు చూసినట్టే. తర్వాత పోయి ఇద్దరికీ మధ్యన మట్టిలో కూర్చుంది. అక్కడేముంది అని ముసలాయన్ను అడిగింది. ఏరుంది, నీ ఈడు పిల్లలున్నారు అన్నాడు. అమ్మ వస్తుందా అంది. ఆయన మరిడమ్మ వైపు చూశాడు. నలభై మంది పిల్లలు, ఈ కొట్టం, నేనెలా వస్తానని మరిడమ్మ నేల చూస్తూ చెప్పింది. పొద్దు నడినెత్తికొచ్చింది. పెద్దవాళ్ళిద్దరూ పిల్ల మాట కోసమే కూర్చున్నారు. పాలు తీసి తిరిగొచ్చిన తల్లులు తమ పిల్లల్ని చంకనేసుకుని అక్కడే నిలబడ్డారు.

చిన్నతల్లి లేచి, గౌను దులుపుకుని, ముసలాయన వేలు పట్టుకుంది.

రబ్బరు పొగబెట్టే ఇంటి మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ముసలాయన కూడా ఆగాడు, తొందరపెట్టలేదు. పిల్ల అక్కడే నిలబడి కొట్టం వైపు చూస్తూ ఉంది. మరిడమ్మ కొట్టం గుంజను రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగబట్టి నిలబడింది. ఒక్కసారి పిలిస్తే పరుగెత్తుకొచ్చేసేది. ఆమె పిలవలేదు.