ప్రార్థనలో అన్న మాట

పకోడీలకు పిండి కలుపుతూ నాలో నేనే నవ్వుకుంటున్నాను. పెళ్లయి నలభై రోజులు. చిక్కడపల్లిలో మేమిద్దరం, అత్తయ్య ఉండే ఈ రెండు గదుల కిరాయి ఇల్లు, కిటికీలో నేను నాటిన పుదీనా, డజను నీలిపూల కప్పులు, అన్నీ నావే అనిపించి ఊరికే నవ్వొస్తుంది. అన్నిటికంటే నాకిష్టం మా ఆయన జైపాల్ జోకులు. పెళ్లికి ముందు నారాయణగూడలో ఒక్క ఇరానీ చాయ్ సగం సగం తాగుతూ ఆయన ఏదో అంటే, పొలమారేదాకా నవ్వేదాన్ని.

ఈ శనివారం ప్రార్థన కూటం మా ఇంట్లోనే. పన్నెండు మంది వచ్చారు. తొంభై నాలుగో సంవత్సరం అసెంబ్లీ ఎలక్షన్లకు ఇంకో వారమే ఉంది కనుక పాస్టరుగారు దాని మీదే చెప్పారు. "వాదించుకోండి, నవ్వుకోండి. కానీ నువ్వు నవ్విస్తే ఎదుటి మనిషి తల దించుకున్నడంటే, అది నవ్వు కాదు, దెబ్బ." అందరికంటే ఎక్కువ తల ఊపింది మా ఆయనే. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఎంత మురిసిపోయానో!

తర్వాత చాయ్ అందిస్తూ మాట కలిపాను. "నేనైతే సారా బంద్ చేస్తమన్నోళ్లకే ఓటేస్త." నా పేరింకా రాంనగర్‌లో, అమ్మవాళ్ల ఇంటి లిస్టులోనే ఉంది. నాకిది మొదటి ఓటు. జైపాల్‌ది ఇప్పుడున్న సర్కార్ పార్టీ.

"సూశిన్రా పాస్టరుగారూ," అన్నాడు జైపాల్. "పప్పుల ఉప్పేసుడు యాది మరుస్తది గని, సర్కార్‌ను మారుస్తదట!"

గది ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే కొత్త కోడలు అలిగిందంటారు. నవ్వుతూనే అన్నాను. "ఉప్పు తక్కువైతే తర్వాతనన్న ఏసుకోవచ్చు. మీ లీడర్‌కు సిగ్గు తక్కువైతే యాడికెల్లి తెద్దాం?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. మేస్త్రీ పనిచేసే తిమ్మప్పన్న చాయ్ ఒలకబోసుకున్నాడు. జైపాల్ నవ్వలేదు. "మొగడు నవ్విస్తే నవ్వాలె బిడ్డా, మొగని మీద నవ్వియ్యద్దు," అంది అత్తయ్య, అందరూ వినేలా.

ముగింపు ప్రార్థన జైపాల్ చేశాడు. దేశం కోసం, రోగుల కోసం, ఆ తర్వాత నా కోసం. "ప్రభువా, నా భార్యకు వినయముగల నాలుకను, లోబడే మనసును దయచేయుము తండ్రీ."

"ఆమేన్," అన్నారందరూ. పాస్టరుగారు కూడా.

నాకు మింగుడు పడనిది ఇదే. ఎదురుగా మాటంటే జవాబివ్వొచ్చు. ప్రార్థనలో అంటే కళ్లు మూసుకుని వినాలి, చివర నేనూ ఒప్పుకోవాలి. పొద్దున ఆలస్యంగా లేచానని అత్తయ్య, కప్పులు దుబారా అని ఆయన, ఈ నలభై రోజులుగా అన్నీ దేవుడికే చెప్పారు, నాకెవరూ చెప్పలేదు. అన్నిటికీ ఆమేన్ అంటూనే వచ్చాను. అలా ప్రార్థించడం నాకు రాదా? "ప్రభువా, నా భర్తకు..." అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. లీడర్‌ను అన్న మాట కటువే, ఒప్పుకుంటాను. కానీ దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మనిషిని కొట్టడం నాకొద్దు.

ఎవరూ కళ్లు తెరవకముందే గొంతు విప్పాను.

"ప్రభువా, లీడర్‌ను అన్న మాటకు క్షమించు. ఎలక్షన్ రోజు నేను రాంనగర్ పోయి నాకు నచ్చినోళ్లకే ఓటేస్త. మేమిద్దరం చెరో పార్టీకి వేసినా, సాయంత్రం ఒక్క చాయ్‌నే సగం సగం తాగేలా చెయ్యి తండ్రీ."

ఆగాను. ఇంతమందిలో ఒక్కరూ అనలేదు.

నేనే అన్నాను, ఆమేన్.