బల్ల అంచుకి అవతల

మరి మొదటి ఎత్తు వేసి, రెండోది ఇంకా వేయని ఆ మధ్యలో గుర్రం ఎక్కడ నిలబడ్డట్టు? చదరంగపు బల్ల అంచు దాటి, గడే లేని చోట. కంప్యూటర్‌కి ఆ సంగతి పట్టదు. అంచు దాటొద్దని చెప్పే వరసను ప్రోగ్రాంలోంచి తనే చెరిపేశాడు కదా.

ఆఫీసు ముందుగదిలో, గోడవారగా వేసిన కుర్చీలో, అతను ఒళ్ళోని సంచిని మళ్ళీ సర్దుకున్నాడు. ఇంటర్వ్యూ అయిపోయింది. కాసేపు కూర్చోండి, పిలుస్తాం అన్నారు. కూర్చోమన్నారంటే ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. పాత కంపెనీ మూతపడ్డాక ఏ ఇంటర్వ్యూలోనూ ఇంత దూరం రాలేదు.

లోపల అడిగింది చిన్న లెక్కే. చదరంగపు బల్ల మీద గుర్రం ఒక గడి నుంచి ఇంకో గడికి అన్నిటికంటే తక్కువ ఎత్తుల్లో చేరే దారి కనుక్కోవాలి. ప్రోగ్రాం రాశాడు. ఒక్క ఎత్తులో అందే గళ్ళన్నీ ముందు వెతకడం, వాటి నుంచి అందేవి తర్వాత, చూసిన ప్రతి గడికీ గుర్తు పెట్టుకుంటూ పోవడం. బల్ల దాటే ఎత్తులను వదిలెయ్యమని ఒక వరస. ఇంటర్వ్యూ చేస్తున్న మేనేజరు గుర్రాన్ని మూల గడిలో పెట్టి, దానికి ఐమూలగా ఆనుకున్న గడికి పంపమన్నాడు. తెర మీద నాలుగు అని పడింది.

"నాలుగేంటండీ? ఐమూలగా పక్క గడికి రెండెత్తులు చాలు. చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు."

బల్ల మధ్యలో అయితే రెండే. మూలలో ఆ రెండెత్తులు వేయడానికి చోటుండదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేనేజరు ముఖంలో కోపం కూడా లేదు, నవ్వే ఉంది. "అవునండీ, పొరపాటే," అన్న గొంతు తనదే. చెయ్యి తనంతట తానే వెళ్ళి ఆ వరసను చెరిపింది. గుర్రం బయటికి దూకి, లోపలికి వచ్చేసింది. రెండు.

"చూశారా. చెప్తే వినేవాళ్ళు దొరకడమే కష్టంగా ఉందండీ," అన్నాడు మేనేజరు, నిజంగా సంతోషపడి.

భయమా? భయమే అయితే బాగుండేది. భయానికి ఒక కారణం ఉంటుంది, అది పోతే అదీ పోతుంది. ఇది అంతకన్నా పాతది. ఎదుటి మనిషి ముఖంలో గట్టి నమ్మకం కనిపించగానే తనలో ఎవరో పక్కకి తప్పుకుంటారు. ఆ తప్పుకున్నవాడు ఎక్కడికి పోతాడో ఎన్నడూ చూసుకోలేదు.

జేబులో ఫోన్ వణికింది. భార్య.

"ఏవండీ, ఏమన్నారు?"

"కూర్చోమన్నారు."

"అబ్బో. ఏం అడిగారేంటి?"

"గుర్రం గురించి."

"గుర్రమా? కంప్యూటర్ ఉద్యోగమా, బండి తోలే ఉద్యోగమా?" నవ్వింది. "సరేలెండి. అన్నీ సరిగ్గా చెప్పారా?"

"చెప్పాను. తర్వాత మార్చాను."

"పళ్ళ డాక్టరు దగ్గర చేసినట్టేనా?"

అప్పుడు డాక్టరు ఒక పన్ను తట్టి, ఇదే కదా అంటే, తలూపేశాడు. మంచి పన్ను పీకించుకుని, నొప్పి పన్నుతో ఇంటికొచ్చాడు. ఆ కథ చెప్పి ఆమె చుట్టాలందర్నీ నవ్విస్తుంది. తనూ నవ్వేవాడు.

"ఉద్యోగం రావాలని నాకు మాత్రం ఉండదా?" అంది ఆమె, గొంతు తగ్గించి. "కానీ అలా మార్చేసి వచ్చిన ప్రతిసారీ మీరు గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండదు." తర్వాత మామూలుగా, "పాలు పొంగుతున్నాయి, ఉంటాను," అని పెట్టేసింది.

ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండదు. అతను ఫోన్ వంక చూస్తూ ఉండిపోయాడు. ఇక్కడ చేరితే రోజూ ఎవరో ఒకరు రెండు అంటారు. రోజూ చెరపాలి. జీతం వస్తుంది, ఇల్లు గడుస్తుంది. నాలుగు అంటే ఏమవుతుంది? ఈ తలుపు మూసుకోవచ్చు. ఇంకో తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అదంతా నిజమే. ఎంత నిజమైనా ఆ అంకె రెండు కాదు.

తలుపు తీసి మేనేజరు తల బయటపెట్టాడు. అదే నవ్వు, అదే నమ్మకం.

"రండి రండి. జీతం సంగతి మాట్లాడేసుకుందాం."

అతను లేచి నిలబడ్డాడు.

"అది నాలుగేనండీ," అన్నాడు.