పొయ్యి విప్పిన రోజు

“ఇంక రెండు నెలలు నీకు సెలవులేగా. ఆ పొయ్యి ఒక్కటీ శుభ్రం చేసి పడేస్తే అయిపోద్ది,” అన్నాడు మా ఆయన ప్రసాద్, ఇడ్లీ ముక్కని కారప్పొడిలో అద్దుకుంటూ.

సెలవులు అన్న మాట చెవిదగ్గర దోమలా తిరుగుతూనే ఉంది. తోలితే పోదు, కొడదామంటే దొరకదు. ఏటా ఎండలు ముదిరేసరికి సముద్రంలో వేట ఆపేస్తారు. బందరు నుంచి వంజరం రాదు, రొయ్యలు రావు. చెరువు చేపతో పచ్చడి పెడితే మా పేరు పోతుందని మా ఆయన ఒప్పుకోడు కాబట్టి మళ్ళీ పడవలు కదిలేదాకా మా పచ్చళ్ళూ ఆగిపోతాయి. ఆగిపోయేది పచ్చళ్ళే. ఇంట్లో మూడుపూటలా అన్నం ఆగదు, అత్తయ్య మందుల వేళలు ఆగవు, ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న మా అమ్మాయి ఉషకి టిఫిన్లు ఆగవు. రొయ్య ఒలవడం ఒక్కటి లేకపోతే ఆ మిగిలినదంతా సెలవు కిందే లెక్క మా ఇంట్లో.

వన్ టౌన్‌లో ఇరుకు సందు మాది. ముందు గదిలో సీసాలు, అట్టపెట్టెలు. వెనక వసారాలో పొయ్యి. కట్టెల పొయ్యి మీద వేపుడు పెడితే పక్కింటివాళ్ళు గొడవకొస్తున్నారని, నాలుగేళ్ళ క్రితం ఈ పెల్లెట్ పొయ్యి కొన్నాం. ఊకనీ చెరకు పిప్పినీ మెత్తగా చేసి, గట్టిగా నొక్కి చేసిన చిటికెన వేలంత గుళికలు ఉయ్యూరు వైపు నుంచి బస్తాల్లో వస్తాయి. పైన తొట్టిలో పోస్తే లోపలి మర వాటిని కొంచెం కొంచెంగా నిప్పు గిన్నెలోకి నెడుతుంది, కింద ఫ్యాను గాలి కొడుతుంది. పొగ రాదన్నారు అమ్మినవాళ్ళు. అబద్ధమనను. కట్టెలతో పోలిస్తే రాదు. కానీ బూడిద వస్తుంది, పౌడరు కంటే సన్నటి బూడిద. ఏ రోజు బూడిద ఆ రోజు తీయాలి. సీజను అయిపోయాక మొత్తం విప్పి కడగాలి. కొన్న మొదటి రోజున దాని పక్కన నిలబడి ఫొటో దిగింది మాత్రం ప్రసాద్. సీసాల మీద ఉన్నది ఆ ఫొటోనే, ‘ప్రసాద్ గారి సముద్రపు పచ్చళ్ళు’ అన్న పేరు పైన, మీసం మెలేసి. ఎవరైనా వచ్చి మెచ్చుకుంటే, “మా ఆవిడ కూడా ఒక చెయ్యి వేస్తది,” అంటాడు. మంచి మనసుతోనే అంటాడు, అదే నాకు మింగుడుపడదు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని.

నిజానికి వేట ఆగి నాలుగైదు రోజులైంది. పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి కాక ఏదో ఒక పని పెట్టుకుంటున్నాను. ఉతికిన చీరలే మళ్ళీ ఉతికాను. బియ్యం డబ్బా దింపి ఎక్కించాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. మనసులో ఉన్న మాట ఎవరికీ చెప్పకుండా ఐదారు నెలలు మోస్తే మనిషి ఇలాగే అవుతుందేమో.

నాకు వాసన తెలియడం లేదు.

కార్తీకంలో మొదలైంది. కాఫీ డికాక్షను మూత తీస్తే వేడి తగిలింది గానీ వాసన తగల్లేదు. జలుబనుకున్నాను. తర్వాత ఒకరోజు పక్కనే కూరగాయలు తరుగుతూ ఉండగా పాలు అడుగంటి గిన్నె నల్లగా మాడిపోయింది. “ఎక్కడుందే నీ ధ్యాస, ఫోన్‌లోనా?” అన్నారు అత్తయ్య. అవునన్నాను. ఫోను చూశానని ఒప్పుకోవడమే తేలిక. ఆవకాయ జాడీలో ముక్కు పెట్టి చూశాను, అగరొత్తి వెలిగించి చూశాను, ఉష చిన్నప్పటి గౌను బీరువాలోంచి తీసి మొహానికి అదుముకున్నాను. మెత్తగా ఉంది. అంతే. ఆ రోజు మాత్రం స్నానాల గదిలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

అయినా సీజనంతా చేశాను. మసాలా వేగిందో లేదో రంగు చూసి తెలుసుకున్నాను. రొయ్యలో నీరు ఇంకిందో లేదో నూనె చప్పుడు విని తెలుసుకున్నాను. ఉప్పూ కారం నాలుక చెబుతుంది. మిగతాది ఉషని పిలిచి, “కాస్త వాసన చూడవే, మెంతులు మాడలేదు కదా?” అని మామూలుగా అడిగినట్టు అడిగేదాన్ని. ఈ ఏడు పచ్చడి ఇంకా బాగుందన్నారు బెంజ్ సర్కిల్ దగ్గర షాపు వెంకటసుబ్బారావు గారు. మా సరుకులో సగానికి పైగా ఆయనే తీసుకుంటారు. ఆ మాట విని మా ఆయన పొంగిపోయాడు. నేను మాత్రం లోపల వణికిపోయాను, ఏదో రోజు పట్టుబడిపోతాను కదా అని. కిందటి నెలలో ఒక పొద్దున అగ్గిపుల్ల తీసి గీయబోతుంటే ఉష పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, గ్యాస్! ఇల్లంతా గ్యాస్ వాసన వస్తోంది, తెలియట్లేదా?” జలుబే తల్లీ అన్నాను. అది నన్నొకసారి చూసి, సిలిండరు కట్టేసి, కిటికీలు తెరిచి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు నిద్రలోనూ కనిపిస్తోంది.

ఇంక తప్పించుకోవడానికి పనులేం మిగల్లేదు. ఇడ్లీ ప్లేట్లు కడిగి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. ముందు ప్లగ్గు తీశాను. తొట్టిలో మిగిలిన గుళికలన్నీ చేటలోకి తోడాను. ఉంచేస్తే వానగాలికి చెమ్మ పట్టి ఉబ్బి మరకి అడ్డం పడతాయి. మొదటి ఏడాది అదే జరిగితే, “ఆమాత్రం చూసుకోవద్దా?” అన్నాడు ప్రసాద్. చూసుకోవలసింది నేనని ఎవరు ఎప్పుడు తేల్చారో నాకు గుర్తులేదు. బూడిద పెట్టె బయటికి లాగి తడిగోనెలో వంపాను. నిప్పు గిన్నె అడుగున బూడిద కరిగి రాయిలా గట్టిపడింది. పాత స్క్రూడ్రైవరుతో గీకి, గాలి వచ్చే చిల్లుల్ని ఒక్కొక్కటీ పొడిచాను. పొగగొట్టం విప్పి, కర్రకి కట్టిన తీగ బ్రష్షు దూరిస్తే మసి కుప్పగా రాలింది. పొయ్యి తలుపు చుట్టూ సందు మూయడానికి ఉండే తాడు అరిగిందో లేదో చూడ్డానికి, కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాను. జారిపోయి బయటికి వచ్చేసింది. తాడు మార్చాలి. ఫ్యాను రెక్కలు పాత పళ్ళ బ్రష్షుతో తోముతూ, ఏమిటో, ఇంత జాగ్రత్తగా నన్ను నేను ఎప్పుడైనా చూసుకున్నానా అనుకున్నాను. అనుకుని, అదొక పెద్ద మాటలాగ అనిపించి నవ్వొచ్చింది. మళ్ళీ తోముతూ కూర్చున్నాను.

అడుగున తుడుద్దామని పొయ్యిని గోడ నుంచి ముందుకి జరిపి, దాని వెనకే చతికిలబడి ఫ్యాను ఒళ్ళో పెట్టుకుని పని చేస్తున్నాను. నులకమంచం మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తయ్య ఉన్నట్టుండి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

“ఏంటే అమ్మాయ్, ఈ కంపు? నిన్నటి నుంచి కాలవ కంపనుకుంటున్నా. పొయ్యి జరిపాక మరీ ఎక్కువైంది!”

“కంపా? మసి అత్తయ్యా,” అన్నాను.

ముందు గదిలోంచి ప్రసాద్ వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి, “ఛీ ఛీ” అని ముక్కు మూసుకుని, ఒంగి నా వెనక్కి చూశాడు. “పందికొక్కు! చచ్చి కుళ్ళిపోయింది. పురుగులు కూడా పట్టాయి. నీ పక్కనే ఉంది కదే, మోచెయ్యి తగిలేలా. ఇందాకట్నుంచీ ఈ కంపులో ఎలా కూర్చున్నావే?”

తల తిప్పి చూశాను. నిజంగానే నా మోచేతికి జానెడు దూరంలో, గోడ మూల పాత గోనె చాటున ఉంది. చూడగానే ఒళ్ళు జలదరించింది గానీ వాసన మాత్రం, అప్పుడు కూడా, ఏమీ లేదు. వాళ్ళిద్దరూ మొహాలు మూసుకుని నావైపే చూస్తున్నారు. గుమ్మంలో ఉష కూడా వచ్చి నిలబడింది. జలుబని చెబుదామని నోరు తెరిచాను. ఉష మొహం చూసి చెప్పలేకపోయాను.

“నాకు వాసన తెలియదండీ. కార్తీకం నుంచి.”

ప్రసాద్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. చెత్త పారతో ఆ పందికొక్కుని తీసి సంచిలో కట్టి బయట పారేసి వచ్చాడు. అంతవరకూ మంచివాడే. చేతులు కడుక్కుని వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

“అసలేం తెలియదా?”

“ఏం తెలియదు.”

“మరి ఈ సీజనంతా ఎలా చేశావ్?”

“కళ్ళతో, చెవులతో.”

తువ్వాలుతో వేళ్ళ సందులు తుడుచుకున్నాడు. నేను ఎదురుచూశాను. నొప్పేమైనా ఉందా అని అడుగుతాడేమో, భయపడ్డావా అని అడుగుతాడేమో, కనీసం నాకెందుకు చెప్పలేదని కోప్పడతాడేమోనని. కోప్పడినా బాగుండేది.

“ఎవరితోనూ అనకు,” అన్నాడు. “సుబ్బారావు గారి చెవిన పడిందంటే సరుకు తీసుకోడు. వాసన తెలియని మనిషి పెట్టిన పచ్చడంటే ఎవడు తింటాడు చెప్పు? ఏం కాదులే, పడవలు కదిలేలోపు అదే తగ్గిపోద్ది. తగ్గకపోయినా ఉష ఉందిగా. దాని ముక్కు మంచిది. నీ పక్కన కూర్చుని అది చూసుద్ది.”

నేను ఉష వంక చూశాను. అది ఒక అడుగు వెనక్కి వేసింది. బడికి వెళ్ళనని మారాం చేసే రోజుల్లో అలాగే వెనక్కి అడుగు వేసేది.

“ఉష కూర్చోదండీ,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఈ బూడిదలో అది కూర్చోదు. నేను డాక్టర్ దగ్గరికి వెళ్తాను. ఈ పూటే.”

“ఇప్పుడా? పొయ్యంతా విప్పి పెట్టి?”

అప్పుడు అత్తయ్య అందుకున్నారు. “ఏమే, ముక్కు పనిచెయ్యకపోతే ఆస్పత్రులకి పరిగెత్తాలా? ఆడదాని ఒంట్లో ఏదో ఒకటి ఉండనే ఉంటది. నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఊళ్ళు తిరిగి వీడిని పెంచాను. వీడి పెళ్ళికి ముందే నా మెడ పట్టేసింది. ఈ రోజుకీ పక్కకి తిరగదు. రాత్రి పడుకుంటే చెయ్యి మొద్దుబారి, నాది కాదన్నట్టు ఉంటది. నేనెవరికి చెప్పాను?”

ప్రసాద్ తల్లి వంక చూశాడు, ఆ సంగతి మొదటిసారి విన్నట్టు. మొదటిసారే మరి. నేనూ మొదటిసారే విన్నాను. పిలిస్తే తల తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూస్తారావిడ. పెళ్ళైన కొత్తలో దాన్ని పొగరనుకున్నాను. పుట్టింటికి వెళ్ళి మా అక్కతో చెప్పి నవ్వాను కూడా. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వసారాలో పక్కపక్కనే రొయ్యలు ఒలుస్తూ, ఆవిడ మెడ సంగతి నాకు తెలియలేదు, నా ముక్కు సంగతి ఆవిడకి తెలియలేదు. నేనెవరికి చెప్పాను అని ఆవిడ గర్వంగానే అన్నారు. ఆ గర్వం విని నాకు భయం వేసింది. ఇంకో పదేళ్ళకి ఇదే గుమ్మంలో, ఇదే గొంతుతో, ఉషతో ఈ మాట నేను అంటానేమో. అంటాను. ఇప్పుడు లేవకపోతే తప్పకుండా అంటాను.

లేచాను. మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కున్నాను. గోళ్ళలో మసి పోలేదు. పోకపోతే పోనీ అనుకున్నాను. లోపలికి వెళ్ళి నా చీర మార్చుకుని, బీరువాలోంచి అత్తయ్య నీలం జరీ అంచు చీర తీసి తెచ్చి మంచం మీద పెట్టాను.

“ఇదేంటి?”

“కట్టుకోండి. మీరూ వస్తున్నారు.”

“నాకెందుకే? నీకేమన్నా మతిపోయిందా?”

“మెడకి, చేతికి. మీరు ఎవరికీ చెప్పలేదన్నారుగా. పదండి, చెబుదాం.”

ఆవిడ కొడుకు వంక తిరిగారు, ఒళ్ళంతా తిప్పుకుని. ఏదో అంటాడని, అడ్డుపడతాడని చూశారనుకుంటాను. ప్రసాద్ నేల మీద పరిచి ఉన్న ఫ్యాను, గొట్టం ముక్కలు, స్క్రూలు చూస్తున్నాడు. “మరి ఇదంతా?” అన్నాడు నెమ్మదిగా. ఆ గొంతులో జులుం లేదు. దారి తప్పిన మనిషి గొంతులా ఉంది. జాలి వేసింది. జాలి వేసినా చీర కుచ్చిళ్ళు సర్దుకోవడం ఆపలేదు.

“అన్నిటికీ కొబ్బరినూనె రాసి తుడవండి, తుప్పు పట్టకుండా. గొట్టం మూతికి గుడ్డ కట్టండి. ముక్కుకి తువ్వాలు చుట్టుకోండి, బూడిద చాలా సన్నంగా ఉంటుంది,” అన్నాను.

“అన్నం?”

“ఉష నాతో వస్తోంది. మీకు అన్నం కావాలంటే బియ్యం డబ్బాలో ఉన్నాయి.”

సందు చివర ఆటో ఎక్కాం. అత్తయ్య మధ్యలో కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా చిన్నగా మూలుగుతున్నారు. ఇంట్లో ఇన్నేళ్ళూ ఆ మూలుగు బయటికి రానివ్వకుండా ఎక్కడ దాచారో! ఉష ఆవిడ మెడ వెనక చెయ్యి పెట్టి పట్టుకుంది. కాలవ దాటుతుండగా నా ఫోను మోగింది. వెంకటసుబ్బారావు గారు. మా ఆయన ఫోను ఎత్తలేదట, ఆఖరి సరుకు సీసాలు ఇంకేమైనా మిగిలాయా అని.

“లేవండీ,” అన్నాను. “మళ్ళీ ఎప్పుడు పెడతానో కూడా చెప్పలేను. నాకు వాసన తెలియడం లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. చాలారోజులుగా తెలియడం లేదండీ. మీరు బాగుందన్న పచ్చడి అలాగే పెట్టాను.”

“అంటే, పచ్చడి పెట్టేది మీరామ్మా?” అన్నారాయన. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవునండీ, మొదటి నుంచీ నేనే అని చెప్పి ఫోను పెట్టేశాను. దింపుకున్న బరువేదో ఇంకా తల మీదే ఉన్నట్టుంది.

ఆస్పత్రిలో జనం కిటకిటలాడుతున్నారు. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే, “పేషెంట్ ఎవరమ్మా?” అంది.

అత్తయ్య గబుక్కున చెయ్యెత్తి నన్ను చూపించబోయారు. ఆ చెయ్యి పైదాకా లేవలేదు, సగంలోనే ఆగిపోయింది. నేను దాన్ని అక్కడే, గాల్లోనే పట్టుకున్నాను.

“ఇద్దరం,” అన్నాను.